డాలస్–ఫోర్ట్‌వర్త్: ఊళ్ళు ఎన్నో, మార్కెట్ ఒక్కటే – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండియా నుంచి ఫోన్ చేసే చుట్టాలు, కొత్తగా ఉద్యోగం వచ్చి ఇక్కడ దిగినవాళ్ళు, ఇల్లు కొందామా వద్దా అని తల పట్టుకున్నవాళ్ళు తిప్పితిప్పి అడిగే ప్రశ్నలు ఇవి. అన్నిటికీ ఒకే సైజు జవాబులు లేవు, కొన్నిటికి రెండు ముక్కలు చాలు, కొన్నిటికి కాస్త ఓపిక కావాలి.

డాలస్ అంటే ఒక ఊరే కదా, ఇన్ని ఊళ్ళ పేర్లు చెప్తారేంటి?

"మావాడు డాలస్‌లో ఉన్నాడు" అంటాం గానీ ఆ మావాడు చాలాసార్లు డాలస్‌లో ఉండడు. ఫ్రిస్కోలోనో, ప్లేనోలోనో, ఇర్వింగ్‌లోనో, మెకిన్నీలోనో ఉంటాడు, ఉద్యోగం ఇంకో ఊళ్ళో, పిల్లల బడి మూడో ఊరి పేరున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (బళ్ళు నడిపే విడి సంస్థ), శనివారం గుడి నాలుగో ఊళ్ళో. జనాభా లెక్కల శాఖ దీన్ని డాలస్–ఫోర్ట్‌వర్త్–ఆర్లింగ్టన్ మెట్రో అంటుంది (రైలు కాదు, ఊళ్ళన్నీ కలిసిన మహానగర ప్రాంతం), 11 కౌంటీలు, అంటే మన జిల్లాల లాంటివి. 2020 లెక్కల్లో 76 లక్షల పైచిలుకు జనం ఉన్నారు, 2024 అంచనాకి 83 లక్షలు దాటారు. న్యూయార్క్, లాస్ ఏంజెలస్, షికాగో తర్వాత అమెరికాలో నాలుగో పెద్ద మెట్రో ఇదే. ఇందులో అసలు డాలస్ నగరం జనాభా 13 లక్షలు మాత్రమే, అంటే ఆరుగురిలో ఒక్కరు.

మిగతా అయిదుగురు ఉండే ఊళ్ళకి వేరే మేయర్, వేరే పోలీసు, వేరే బడ్జెట్, వేరే పన్ను రేటు. ఉద్యోగాల మార్కెట్, ఇళ్ళ మార్కెట్, ట్రాఫిక్ మాత్రం ఉమ్మడి. కింద రాసినదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

సముద్రం లేదు, పెద్ద నది లేదు, కొండ లేదు. ఇక్కడ ఇంత ఊరు ఎందుకు పుట్టింది?

రైలు వల్ల. 1841లో జాన్ నీలీ బ్రయన్ అనే వ్యాపారి ట్రినిటీ నది గట్టున మకాం వేస్తే డాలస్ మొదలైంది, 1849లో సైన్యం ఒక శిబిరం పెడితే ఫోర్ట్‌వర్త్ మొదలైంది. ట్రినిటీలో పడవలు నడిపి సముద్రానికి దారి వేసుకోవాలని డాలస్ పెద్దలు దశాబ్దాల పాటు కలలు కన్నారు, అది జరగలేదు. 1872లో ఒక రైలు మార్గం, 1873లో దానికి అడ్డంగా ఇంకోటి డాలస్‌కి వచ్చాయి, 1876లో ఫోర్ట్‌వర్త్‌కీ రైలు చేరింది. ఆ కూడలిని పట్టుకుని డాలస్ పత్తి మార్కెట్ అయింది, ఫోర్ట్‌వర్త్ పశువుల సంత అయింది. పత్తికి అప్పులిచ్చే బ్యాంకులు వచ్చాయి, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు, 1914లో ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) ప్రాంతీయ బ్యాంకు. 1930లో తూర్పు టెక్సాస్‌లో చమురు పడినప్పుడు బావులు అక్కడ తవ్వారు, అప్పులు మాత్రం డాలస్‌లో ఇచ్చారు. సరుకు ఎక్కడ పండినా లెక్కాపత్రం ఇక్కడ జరగడం అనేది అప్పటి నుంచీ ఉన్న అలవాటు.

డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ నిజంగా పడదా?

పడేది కాదు. ఫోర్ట్‌వర్త్ పత్రికాధిపతి ఏమన్ కార్టర్ డాలస్ వెళ్ళాల్సి వస్తే అక్కడ ఒక్క పైసా ఖర్చు పెట్టకూడదని ఇంటి నుంచి క్యారేజీ కట్టించుకుని వెళ్ళేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు ఊళ్ళకీ మధ్యలో ఒకే విమానాశ్రయం కట్టుకోండని ఫెడరల్ ప్రభుత్వం 1940ల నుంచే చెప్తున్నా, టెర్మినల్ ముఖం ఫోర్ట్‌వర్త్ వైపు తిరిగి ఉందని డాలస్ అలిగి తప్పుకుంది. ఒకే వంటింట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్ళలా చెరో విమానాశ్రయం నడుపుకున్నారు. 1964లో విసిగిపోయిన ఫెడరల్ ప్రభుత్వపు సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు 180 రోజులు గడువు పెట్టి, ఈలోగా ఒక్క స్థలం తేల్చుకోండి అని ఆదేశించింది.

అలా 1974 జనవరిలో డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం నడక మొదలెట్టింది. సుమారు 17 వేల ఎకరాలు, మాన్‌హట్టన్ దీవి కన్నా పెద్దది. యాజమాన్యం డాలస్‌కి 11లో 7 వంతులు, ఫోర్ట్‌వర్త్‌కి 4 వంతులు. తమాషా ఏంటంటే భూమి మాత్రం చాలావరకు గ్రేప్‌వైన్, ఇర్వింగ్, యూలెస్, కపెల్ ఊళ్ళ హద్దుల్లో ఉంది. కొత్త విమానాశ్రయానికి దెబ్బ తగలకూడదని 1979లో ఫోర్ట్‌వర్త్ ఎంపీ జిమ్ రైట్ ఒక చట్టం తెచ్చి, డాలస్ పాత లవ్ ఫీల్డ్ నుంచి దూరపు విమానాలు ఎగరకుండా కట్టడి చేశాడు, ఆ ఆంక్ష పూర్తిగా పోయింది 2014 అక్టోబర్‌లో. ఇంత పోట్లాడుకుని కట్టిన ఆ విమానాశ్రయంలోనే 2024లో 8 కోట్ల 70 లక్షలకు పైగా ప్రయాణికులు తిరిగారు. ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రలో ఒకే ఒక్క మలుపు చెప్పమంటే నేను ఇదే చెప్తాను.

విమానాశ్రయం ఒక్కటి ఉంటే ఊరు పెరిగిపోతుందా?

ఒక్కటి ఉంటే పెరగదు, కానీ ఇక్కడ దాని స్థానం చూడండి. అమెరికా మ్యాప్‌లో దాదాపు మధ్యలో ఉంది, ఏ తీరానికైనా నాలుగు గంటల లోపు విమానం, రెండు తీరాలతోనూ ఒకే రోజు మాట్లాడటానికి కుదిరే టైమ్ జోన్. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1979లోనే న్యూయార్క్ వదిలి ఇక్కడికి వచ్చేసింది. దేశమంతా బ్రాంచీలున్న కంపెనీకి మేనేజర్లు పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి రావడం కావాలి. జేసీ పెన్నీ 1987లో, ఎక్సాన్ 1989లో ఇక్కడికి మారుతున్నామని ప్రకటించాయి, రెండూ న్యూయార్క్ నుంచే.

టెక్సాస్ అంటే ఆయిల్ కదా?

అది ఎక్కువగా హ్యూస్టన్ సంగతి. ఎక్సాన్ కూడా చివరికి 2023లో ఇర్వింగ్ వదిలి హ్యూస్టన్ వైపు వెళ్ళిపోయింది, ఇక్కడ ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. ఫోర్ట్‌వర్త్ కింద బార్నెట్ షేల్ అనే గ్యాస్ పొర ఉంది, 2000ల్లో ఊరి మధ్యలోనే, ఇళ్ళ పక్కనే, బావులు తవ్వారు. ఆ హడావుడి తగ్గిపోయింది.

ఇక్కడి ఆదాయం చాలా పద్దుల కింద వస్తుంది. ఫోర్ట్‌వర్త్‌లో రెండో ప్రపంచయుద్ధం నాటి బాంబర్ల ఫ్యాక్టరీలోనే తర్వాత ఎఫ్-16 యుద్ధవిమానాలు తయారయ్యాయి, ఇప్పుడు ఎఫ్-35లు తయారవుతున్నాయి. ఆర్లింగ్టన్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు 1954 నుంచి నడుస్తోంది, మీ పక్కింటాయన టాహో కారు అక్కడ తయారైనదే. డాలస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో 1958లో జాక్ కిల్బీ మొదటి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ (ఇప్పటి చిప్‌లకి మూలం) చేసి చూపించాడు. ఆ కంపెనీ పెద్దలు ఇంజనీర్లు దొరకడం లేదని సొంతంగా ఒక పరిశోధనా సంస్థ పెట్టి, 1969లో రాష్ట్రానికి అప్పగిస్తే అదే యూటీ డాలస్ అయింది. మన పిల్లలు మాస్టర్స్‌కి క్యూ కట్టే యూనివర్సిటీ అదే. రిచర్డ్‌సన్ చుట్టూ టెలికాం కంపెనీలు, ప్లేనోలో బ్యాంకుల ఆఫీసులు, వెస్ట్‌లేక్‌లో చార్ల్స్ ష్వాబ్, ఫిడెలిటీ అనే పెట్టుబడుల కంపెనీలు. ఈ మెట్రో మొత్తం స్థూల ఉత్పత్తి 2023కి 70 వేల కోట్ల డాలర్లు దాటింది. ఏ ఒక్క రంగమో పడుకుంటే ఊరంతా పడుకునే పరిస్థితి ఇప్పుడు లేదు.

ఇప్పుడు లేదు అంటే, ఇంతకుముందు ఉండేదా?

ఉండేది. 1980ల్లో చమురు డబ్బు, తేలిగ్గా దొరికిన అప్పులు కలిసి ఇక్కడ కట్టడాలు విపరీతంగా లేచాయి. మెస్కీట్‌లో ఎంపైర్ సేవింగ్స్ అనే చిన్న సంస్థ ఇంటర్‌స్టేట్ 30 పొడుగునా కొనేవాళ్ళు లేని కాండోలకి అప్పులిచ్చి ఇచ్చి 1984లో మూతపడింది, అది మొదటి గంట. 1986లో చమురు ధర కూలింది. దశాబ్దం ముగిసి ఇంకాస్త గడిచేసరికి టెక్సాస్‌లో పది పెద్ద బ్యాంకు గ్రూపుల్లో తొమ్మిది మునిగిపోవడమో వేరేవాళ్ళ చేతుల్లోకి పోవడమో జరిగింది. డాలస్‌కి గర్వకారణమైన ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంకు 1988లో నార్త్ కరోలినా వాళ్ళ పాలైంది. తర్వాత 2001 టెలికాం పతనం, రిచర్డ్‌సన్‌లో ఆఫీసులకి ఆఫీసులే ఖాళీ. అప్పుడు ఇక్కడున్న తెలుగు ఇంజనీర్లని అడగండి, ఆ రోజుల టెన్షన్ ఇంకా గుర్తుంటుంది. "ఇక్కడ ఇళ్ళ ధరలు ఎప్పుడూ పెరగడమే" అని చెప్పే ఏజెంటుకి ఈ పేరా చూపించండి.

కాలిఫోర్నియా కంపెనీలు అన్నీ ఇక్కడికే ఎందుకు వస్తున్నాయి?

అన్నీ రావట్లేదు, వచ్చినవి పెద్దవి కాబట్టి అలా అనిపిస్తుంది. టొయోటా అమెరికా విభాగం 2014లో ప్రకటించి 2017లో ప్లేనోకి మారింది. మెకెసన్ 2019లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఇర్వింగ్‌కి, సీబీఆర్‌ఈ 2020లో లాస్ ఏంజెలస్ నుంచి డాలస్‌కి, ష్వాబ్ 2021లో వెస్ట్‌లేక్‌కి. క్యాటర్‌పిల్లర్ 2022లో ఇలినాయ్ నుంచి ఇర్వింగ్‌కి మారుతున్నట్టు చెప్పింది. కారణాలు మూడు నాలుగు కలిసి పనిచేస్తాయి. విమానాశ్రయం సంగతి చెప్పాను. కాలిఫోర్నియాలో ఇల్లు కొనలేని మధ్యస్థాయి ఉద్యోగి ఇక్కడ కొనగలడు, అందువల్ల కంపెనీ జీతం తక్కువలో సర్దుకోగలదు. చదునైన నేల, అనుమతులు త్వరగా వస్తాయి. ఇక నాలుగోది నేరుగా డబ్బు. టొయోటాకి రాష్ట్ర నిధి నుంచి 4 కోట్ల డాలర్లు ఇచ్చారు, ప్లేనో నగరం ఇచ్చిన పన్ను మినహాయింపులు దానికి అదనం. టెక్సాస్ స్థానిక ప్రభుత్వాల చట్టంలో 380వ అధ్యాయం అని ఒకటుంది, దాని ప్రకారం ఊరు తన ఖజానా నుంచే కంపెనీకి గ్రాంటు ఇచ్చుకోవచ్చు. ఇక్కడి సిటీ కౌన్సిల్ మీటింగులు చూస్తే ఆ 380 అన్న మాట లేకుండా గడవదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ లేదంటారు, నిజమేనా?

రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు, ఫెడరల్ మామూలే. 2019లో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి మరీ ఇకముందు పెట్టకుండా తలుపు వేశారు. కానీ బడికి, రోడ్డుకి, పోలీసుకి డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. అది మీ ఇంటి నుంచి వస్తుంది. సొంతిల్లుంటే ప్రాపర్టీ ట్యాక్స్ అన్నీ కలిపి ఇంటి విలువలో సుమారు 2 శాతం, ఊరుని బట్టి అటూ ఇటూ. 5 లక్షల డాలర్ల ఇంటికి మినహాయింపులు పోకముందు ఏడాదికి దాదాపు 10 వేలు, అప్పు తీరిపోయినా ఇది తీరదు. ఆ బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. సొంతంగా కాపురముండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది, కొన్నాక దానికి అప్లై చేయడం మర్చిపోయేవాళ్ళు ఇంకా ఉన్నారు, మర్చిపోకండి. ఎక్కువ జీతం, చిన్న ఇల్లు అయితే టెక్సాస్ లాభం. జీతం మామూలు, ఇల్లు పెద్దది అయితే కాగితం మీద లెక్క వేసుకుని చూడాలి.

పక్కపక్క ఊళ్ళే కదా, ఒకదాని మీద ఒకటి పోటీ పడటం ఏంటి?

ఇక్కడ అసలు కథ ఉంది, కాస్త నెమ్మదిగా చదవండి.

మీరు కొట్లో కట్టే సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం. అందులో 6.25 రాష్ట్రానిది, మిగిలిన 2 స్థానికం, ఆ రెండుకి మించి వేయడానికి చట్టం ఒప్పుకోదు. ఆ రెండిట్లో ఒకటి ఊరి ఖజానాకి పోతుంది. రెండోది ఏం చేయాలన్నది ఊరి ఇష్టం. అంటే డాలర్ మీద ఒక్క సెంటు. ఈ మెట్రో రూపురేఖల్ని ఆ ఒక్క సెంటే తేల్చిందంటే మీరు నమ్మరు.

1983లో డాలస్ చుట్టుపక్కల ఊళ్ళు కొన్ని ఓటేసి డార్ట్ అనే ఉమ్మడి రవాణా సంస్థ పెట్టుకున్నాయి. చేరిన ఊరు తన సెంటు డార్ట్‌కి ఇవ్వాలి. ప్లేనో, ఇర్వింగ్, రిచర్డ్‌సన్, గార్లండ్, క్యారల్టన్ ఇచ్చాయి, డాలస్‌తో కలిపి 2025 నాటికి 13 ఊళ్ళు. 1996 నుంచి రైళ్ళు నడుస్తున్నాయి, ఈ లైట్ రైల్ మార్గం 90 మైళ్ళు దాటింది. ఈలోగా 1989, 1991ల్లో రాష్ట్రం కొత్త చట్టాలు చేసింది: ఆ సెంటుని ఆర్థికాభివృద్ధి కార్పొరేషన్లకి, అర సెంటు అర సెంటుగా, పెట్టుకోవచ్చు అని. అప్పటికి చిన్న పల్లెల్లా ఉన్న ఫ్రిస్కో లాంటి ఊళ్ళు డార్ట్‌లో చేరలేదు, సెంటు మొత్తం అభివృద్ధి కార్పొరేషన్లలో వేశాయి. ఆ డబ్బుతో కంపెనీలకి ప్రోత్సాహకాలు, స్టేడియాలు, పార్కులు. రైలుకి డబ్బు కట్టిన ఊరు ఒకవైపు, అదే సెంటుతో పక్కూరి కంపెనీని ఎర వేసి పట్టుకునే ఊరు ఇంకోవైపు. ఫ్రిస్కో 2000లో తెరిచిన స్టోన్‌బ్రయర్ మాల్ ఎక్కడుందో చూడండి, సరిగ్గా ప్లేనో హద్దు మీద. సేల్స్ ట్యాక్స్ కొనేవాడి ఊరికి కాకుండా కొట్టున్న ఊరికి పోతుంది మరి.

ఇప్పుడు ప్లేనో వాళ్ళకి కడుపు మండుతోంది. ఏడాదికి 10 కోట్ల డాలర్ల పైమాటే డార్ట్‌కి కడుతున్నాం, మాకు తిరిగొచ్చేది అందులో సగం కూడా లేదు అంటారు. 2025 చివర్లో ప్లేనో, ఇర్వింగ్‌తో సహా నాలుగు ఊళ్ళ కౌన్సిళ్ళు డార్ట్ నుంచి బయటికి పోదామా అని జనాన్నే అడుగుదాం, ఎన్నిక పెడదాం అని తీర్మానాలు చేశాయి. విచిత్రం చూడండి, ప్లేనో నుంచి విమానాశ్రయానికి నేరుగా వెళ్ళే సిల్వర్ లైన్ రైలు మొదలైంది కూడా ఆ ఏడాది అక్టోబర్‌లోనే. ఇందులో ప్లేనోది పూర్తిగా తప్పని నేను అనను. పక్కూరు కట్టని పన్ను నేనెందుకు కట్టాలి అన్న ప్రశ్నకి ఉమ్మడి రవాణా అనే జవాబు అందరూ కడితేనే నిలబడుతుంది, రాష్ట్రం ఎన్నడూ అందర్నీ కట్టమనలేదు.

ఆర్లింగ్టన్‌లో సిటీ బస్సు లేదంటారు, నిజమా?

మామూలు రూట్ బస్సుల వ్యవస్థ లేదు. నాలుగు లక్షల జనాభా, డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ సరిగ్గా మధ్యలో ఉంది, అయినా ఓటర్లు రవాణా పన్నుని మళ్ళీ మళ్ళీ తోసిపుచ్చారు. ఫోన్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లు ఉన్నాయి. మరి వాళ్ళ అర సెంటు ఏమైంది అంటే, 2004లో ఓటేసి కౌబాయ్స్ ఫుట్‌బాల్ స్టేడియానికి ఇచ్చారు, 2016లో మళ్ళీ ఓటేసి బేస్‌బాల్ మైదానానికి పొడిగించారు. 2026 ప్రపంచకప్ సాకర్‌లో అన్ని వేదికల కన్నా ఎక్కువ మ్యాచ్‌లు, తొమ్మిది, ఆ స్టేడియానికే కేటాయించారు. చుట్టూ ఉన్న ఊళ్ళ నుంచి ప్రేక్షకుల్ని అక్కడికి చేర్చే బస్సులు వేరేగా ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

ఫ్రిస్కో అంత వేగంగా ఎలా పెరిగింది? మనవాళ్ళు అక్కడే ఎందుకు?

1990లో 6 వేల మంది, 2000లో 34 వేలు, 2010లో 1 లక్ష 17 వేలు, 2020లో 2 లక్షలు. పైన డార్ట్ దగ్గర చెప్పిన సెంటు ఒక కారణం. డాలస్ నార్త్ టోల్‌వే ఇంకో కారణం. 1968లో మొదటి ముక్క తెరిచిన ఈ రోడ్డు ఉత్తరానికి పాకినకొద్దీ ఊళ్ళు పుట్టుకొచ్చాయి: అడిసన్, ప్లేనో, ఫ్రిస్కో, ప్రాస్పర్, ఇప్పుడు సెలైనా. టోలు కట్టి వెళ్ళే రోడ్డు కాబట్టి రాష్ట్రం డబ్బు కోసం ఆగక్కర్లేదు, వచ్చే టోళ్ళు చూపించి అప్పు తెచ్చి కట్టేస్తారు. నెలాఖరుకి టోల్‌ట్యాగ్ బిల్లు చూసి గుండె పట్టుకునేది మనం.

మనవాళ్ళ సంగతి వేరే గొలుసు. మొదట ఇర్వింగ్, విమానాశ్రయం పక్కన, లాస్ కోలినాస్ ఆఫీసులకి దగ్గర, అపార్ట్‌మెంట్లు ఎక్కువ. కొత్తగా వచ్చిన కన్సల్టెంట్లు ఇప్పటికీ అక్కడే దిగుతారు, కూరల కొట్లు, బిర్యానీ హోటళ్ళు అన్నీ నడక దూరంలో. గాంధీ విగ్రహం ఉన్న పార్కు కూడా అక్కడే, 2014లో పెట్టారు. పిల్లలు బడికి వచ్చే వయసు కాగానే ఉత్తరానికి జరుగుతారు. ప్లేనోలో బ్యాంకులు, టెలికాం, ఇన్సూరెన్స్ కంపెనీల ఐటీ పనులు, ఫ్రిస్కోలో కొత్త బళ్ళు, హనుమాన్ గుడి. 2020 లెక్కల్లో ఫ్రిస్కో జనాభాలో నాలుగోవంతు మంది ఆసియా మూలాలున్నవాళ్ళు, అందులో మనవాళ్ళు గట్టిగానే ఉన్నారు. ఈ గొలుసు మొత్తం హెచ్-1బీ మీద వేలాడుతోందన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చిన రాత్రి ఇక్కడి వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు.

పాత శివారు ఊళ్ళ గతి ఏంటి?

ప్లేనోకి ఇక ఖాళీ భూమి పెద్దగా లేదు. 1980ల్లో, 90ల్లో పిల్లలతో వచ్చినవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, ఇళ్ళ ధరలు చిన్న జంటలకి అందకుండా పోయాయి. ప్లేనో స్కూల్ డిస్ట్రిక్ట్ 2025లో నాలుగు బళ్ళు మూసేసింది. మంచి బళ్ళున్న ఊరని ఎక్కువ ధర పెట్టి కొన్న చోట బడే మూతపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు ఫ్రిస్కోలో కొంటున్నవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత తమ వీధి ఎలా ఉంటుందో చూడాలంటే ప్లేనో వెళ్ళి చూడొచ్చు.

డాలస్ డౌన్‌టౌన్ ఖాళీ అయిపోతోందా?

ఏటీ అండ్ టీ 2008లో శాన్ ఆంటోనియో నుంచి డాలస్ డౌన్‌టౌన్‌కి వచ్చినప్పుడు ఊరు పండగ చేసుకుంది. 2026 జనవరిలో అదే కంపెనీ ప్లేనోకి వెళ్ళిపోతున్నట్టు ప్రకటించింది, అది కూడా ఒకప్పుడు రాస్ పెరో కంపెనీ ఈడీఎస్ కట్టుకున్న స్థలానికి. మెట్రో మొత్తంగా చూస్తే ఒక్క ఉద్యోగం పెరగలేదు, తగ్గలేదు, కాకపోతే డాలస్ ఖజానాకి, డౌన్‌టౌన్‌లో మధ్యాహ్నం భోజనం అమ్ముకునేవాడికి దెబ్బే. ఇంకోపక్క డౌన్‌టౌన్‌కి కాస్త ఉత్తరాన గోల్డ్‌మన్ శాక్స్ 5 వేల మందికి పైగా పట్టే క్యాంపస్ కడుతోంది, టెక్సాస్ స్టాక్ ఎక్స్ఛేంజ్ కూడా డాలస్‌లోనే పెట్టారు. ఖాళీ అవుతోంది అనడం కన్నా డబ్బు పక్కకి జరుగుతోంది అనొచ్చు.

ఫోర్ట్‌వర్త్ వెనకబడిన ఊరా?

తెలుగువాళ్ళు తక్కువున్నంత మాత్రాన వెనకబడినట్టు కాదండీ. 2000లో 5 లక్షల 35 వేలున్న ఊరు 2024 అంచనాకి 10 లక్షలు దాటింది. ఉత్తరాన 1989లో సరుకు కోసమే కట్టిన అలయన్స్ విమానాశ్రయం, పక్కనే రైలు కంటైనర్ల యార్డు, చుట్టూ గోడౌన్లు. మీరు రాత్రి ఆర్డర్ పెడితే పొద్దున గుమ్మం ముందుండే పెట్టె చాలాసార్లు అటునుంచే వస్తుంది. ఫోర్ట్‌వర్త్‌కి ఉన్న ఇబ్బంది ఆఫీసులు. ఇళ్ళు పెరిగినంత వేగంగా ఆఫీసు ఉద్యోగాలు పెరగలేదు, దాంతో ప్రాపర్టీ ట్యాక్స్ భారం ఇళ్ళ మీద ఎక్కువ పడుతోంది.

ఇలా ఉత్తరానికి పోతూ పోతూ ఓక్లహోమాలో కలిసిపోతుందా?

నవ్వుకోవడానికి అంటారు గానీ షెర్మన్‌లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కొత్త చిప్ ఫ్యాక్టరీ చూస్తే ఓక్లహోమా సరిహద్దు అరగంట కూడా ఉండదు. ఆపేది దూరం కాదు, నీళ్ళు. ప్రిన్స్‌టన్ అని మెకిన్నీకి తూర్పున చిన్న ఊరు, 2020లో 17 వేలు, 2024కి 37 వేలు, ఆ ఏడాది దేశంలోనే అత్యంత వేగంగా పెరిగిన ఊరు. నీళ్ళు, మురుగు పైపులు, రోడ్లు, పోలీసు ఏవీ చాలక 2024 సెప్టెంబర్‌లో కొత్త ఇళ్ళకి అనుమతులు ఆపేసింది.

ఇక్కడ కనిపించే చెరువులన్నీ, లవాన్, లూయిస్‌విల్, రే హబ్బర్డ్, మనుషులు ఆనకట్ట కట్టి నింపినవే. ఉత్తరాన బోయిడార్క్ అనే జలాశయం 2023లో నీళ్ళివ్వడం మొదలెట్టింది, టెక్సాస్‌లో దాదాపు ముప్పై ఏళ్ళలో మొదటి పెద్ద కొత్త జలాశయం. తర్వాతది మార్విన్ నికల్స్ అని ఈశాన్య టెక్సాస్‌లో అనుకుంటున్నారు, 66 వేల ఎకరాలు ముంపు, అక్కడి రైతులు, కలప కంపెనీలు దశాబ్దాలుగా అడ్డుపడుతున్నారు. ఫ్రిస్కోలో పచ్చగడ్డి తడపడానికి మా పొలాలు ముంచుతారా అన్నది వాళ్ళ ప్రశ్న. మనకి ముంపు గ్రామాల గోల కొత్తేం కాదు కాబట్టి వాళ్ళ బాధ త్వరగానే అర్థమవుతుంది.

కరెంటు?

టెక్సాస్ గ్రిడ్ మిగతా దేశంతో పెద్దగా కలవదు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో రోజుల తరబడి కరెంటు లేక రాష్ట్రంలో రెండొందల మందికి పైగా చనిపోయారు. తర్వాత ప్లాంట్లు చలిని తట్టుకునేలా చేశారు, సోలార్, బ్యాటరీలు బాగా పెరిగాయి. ఇప్పుడు డేటా సెంటర్లు వరస కడుతున్నాయి, అదే కొత్త బరువు.

విజయవాడ–గుంటూరు ఇలా అవుతాయా?

ఆకారంలో పోలిక ఉంది: రెండు పాత ఊళ్ళు, మధ్యలో మంగళగిరి, పక్కన తెనాలి, అమరావతి. అందుకే ఒకప్పుడు వీజీటీఎం ఉడా అని ఉండేది, 2014లో సీఆర్‌డీఏ వచ్చింది. కానీ మన దగ్గర నిర్ణయం రాష్ట్రానిది. ఒక జీవోతో ఊళ్ళని కలిపేస్తారు, ఒక జీవోతో విడదీస్తారు, హైదరాబాద్‌లో శివారు మున్సిపాలిటీలని కలిపింది అలాగే. టెక్సాస్‌లో 5 వేల జనాభా దాటిన ఊరు సొంత చార్టర్ (ఊరి రాజ్యాంగం లాంటిది) రాసుకోవచ్చు, 2019 చట్టం తర్వాత పక్కనున్న భూమిని అక్కడివాళ్ళ ఒప్పుకోలు లేకుండా కలుపుకోవడానికి కూడా వీల్లేదు. మన మున్సిపాలిటీకి సేల్స్ ట్యాక్స్‌లో సొంత సెంటు లేదు, అందుకే కంపెనీ కోసం గుంటూరు విజయవాడతో పోటీ పడదు, రెండూ కలిసి సచివాలయం వైపు చూస్తాయి. ఇందులో ఏది మేలంటే, పోటీ వల్ల ఊళ్ళు చురుగ్గా ఉంటాయి, ఉమ్మడి పనులు మూలపడతాయి. మన పద్ధతిలో ఉమ్మడి పని తేలిక, ప్రభుత్వం మారితే అది ఆగిపోవడం ఇంకా తేలిక.

ఇల్లు కొనేముందు ఏం చూడాలి?

మూడు సంగతులు. ఒకటి, ఊరి అంచుల్లో కట్టిన కొత్త కాలనీల్లో చాలావాటికి మడ్ అనో పిడ్ అనో ప్రత్యేక డిస్ట్రిక్ట్ ఉంటుంది, బిల్డర్ వేసిన పైపులకి, రోడ్లకి తెచ్చిన అప్పు మీరే ఏళ్ళ తరబడి తీర్చాలి. ధర చూస్తే చవగ్గా కనిపించే ఇల్లు నెల వాయిదాలో ఖరీదు కావచ్చు. రెండు, అడ్రసులో ఊరి పేరు చూసి బడి అనుకోవద్దు. ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ ప్లేనో, మెకిన్నీ, లిటిల్ ఎల్మ్ లోపలికీ ఉంది, ఫ్రిస్కో అడ్రసున్న కొన్ని ఇళ్ళు వేరే డిస్ట్రిక్ట్‌లో ఉన్నాయి. మూడు, నేల. డాలస్, ప్లేనో, ఫ్రిస్కో కింద ఉన్నది నల్లరేగడి, గుంటూరు పత్తి చేలల్లో ఉన్నలాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది, మీ ఇంటి కాంక్రీటు పలక దానితో పాటు లేస్తుంది, దిగుతుంది. అందుకే ఇక్కడివాళ్ళు ఎండాకాలం గోడల చుట్టూ సన్నగా నీళ్ళు వదులుతారు, పునాదికి నీళ్ళు పోస్తారా అని ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నోళ్ళు వెళ్ళబెడతారు. కొనేముందు ఇన్‌స్పెక్టర్‌కి తోడు పునాది చూసే ఇంజనీరుని విడిగా పిలవండి.

ఇదంతా చదివే టైమ్ లేదు, ఎక్కడ ఉండమంటారో చెప్పండి.

ఆఫీసు ఎక్కడో ముందు చెప్పండి. లాస్ కోలినాస్ అయితే ఇర్వింగ్, కపెల్. ప్లేనోలో లెగసీ ఆఫీసుల వైపు అయితే ప్లేనో, ఫ్రిస్కో, ది కాలనీ. ఫోర్ట్‌వర్త్ అలయన్స్ అయితే అటువైపే కెల్లర్ చూడండి, ఫ్రిస్కో నుంచి రోజూ వెళ్ళొస్తాను అనకండి. మొదటి ఏడాది అద్దెకుండి, ఉదయం ఎనిమిదింటికి ఆ దారిలో ఒకసారి కారు నడిపి చూసి, నచ్చిన ఇంటి పన్ను ఏ ఏ పద్దుల కింద ఎంతుందో కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఇళ్ళకి విలువ కట్టే సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకుని, అప్పుడు ఏజెంటుకి ఫోన్ చేయండి.